గొట్టం చివర నాలుక

ఎరిబెర్తో ట్రక్కును గ్యారేజీ ముందు ఆపి
తలుపైనా వెయ్యకుండా మొదలుపెట్టాడు:
"ఎడెల్మా, దీనికి ఒంట్లో బాగాలేదు.
చదును రోడ్డు మీద ఈడుస్తుంది.
గుట్ట ఎక్కమంటే మాత్రం ఎప్పటిలాగే ఎక్కుతుంది.
పెట్రోలు, ఇక చెప్పకు, పెళ్ళివారిలా తాగుతోంది."

గుట్ట మీద బాగుంది, చదునులో బాగాలేదు.
ఆ ఒక్క ముక్కతో సగం రోగం తెలిసింది.
బరువు లాగేటప్పుడు ఇంజనుకు తొందర పనికిరాదు.
తేలిగ్గా పరిగెత్తేటప్పుడే,
సిలిండర్లో ఆవిరి పల్చబడి మంట నెమ్మదిగా పాకేటప్పుడే,
నిప్పురవ్వ కాస్త ముందుగా లేవాలి.
దాన్ని లేపేది
డిస్ట్రిబ్యూటర్ పక్కన అతుక్కున్న రేకు డబ్బీ.
లోపల ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు, ఒక సన్నని కడ్డీ.

దీన్ని పరీక్షించడానికి చేతిపంపులున్నాయి,
ముల్లు తిరిగే మీటర్లున్నాయి,
మోంటెవిడియోలో అమ్ముతారట.
తాక్వారెంబోలో మాకు నోరుంది.
పాలపళ్ళు ఊడకముందే
మాతే కషాయం గొట్టంతో పీల్చడం నేర్చిన నోరు.
కార్బరేటర్ వైపు కొస ఊడదీసి
పెదాల మధ్య పెట్టుకుని పీల్చాలి,
నాలుక కొనతో మూసెయ్యాలి.
పాయింట్ల పళ్ళెం గోరంత జరగాలి,
జరిగి అక్కడే నిలవాలి.
నిలిస్తే పొర బతికుంది, జారితే చిరిగింది.
నాన్న దగ్గర నేర్చిన శాస్త్రం ఇంతే.
తక్కినవన్నీ తిట్లు.

మూత తీశాను. వంగాను. పీల్చాను.
రబ్బరు రుచి, అరవై ఎనిమిది నాటి దుమ్ము రుచి.
పళ్ళెం కదిలింది,
ఆగింది,
దొంగలా వెనక్కి వచ్చేసింది.
మళ్ళీ పీల్చాను. మళ్ళీ అంతే.
మూడోసారి కళ్ళ ముందు నల్లచుక్కలు ఎగిరాయి,
ఫెండరు పట్టుకుని నిలబడ్డాను.

"చిరిగింది" అన్నాను, "కొత్తది తెప్పించాలి."
ఎరిబెర్తో టోపీ తీసి
ఖరీదు అందులో రాసి ఉన్నట్టు లోపలికి చూశాడు.

ముందు సీట్లో లాలీపాప్ చప్పరిస్తున్న మనవరాలు యమీలా
దిగి వచ్చింది. "నేను పీల్చనా?"
పదకొండేళ్ళది. వద్దంటే వినే రకం కాదు.
గొట్టం చివర నా ఓవరాల్‌కు తుడిచి ఇచ్చాను.
బుగ్గలు రెండూ లోపలికి పోయాయి.
నాలుక ఆనించి, రెండు చేతులూ వదిలేసి నిలబడింది పిల్ల.
గొట్టం జలగలా నాలుకకు వేలాడింది.
నేను పళ్ళెం చూస్తూ అరవై దాకా లెక్కపెట్టాను.
వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

పొర చిరగలేదు.

గొట్టం తీసుకున్నాను. దాని మీద స్ట్రాబెరీ వాసన.
బ్రేకు డ్రమ్ముల్లోంచి నలభై ఏళ్ళు
గాలి కొట్టి ఊదేసిన బూడిదరంగు పొడి
కిటికీ వెలుగులో ఎంత అందంగా తేలేదో గుర్తొచ్చింది.
అది ఎక్కడికి పోతుందని నాన్నా అడగలేదు, నేనూ అడగలేదు.

సరే, పని చూడాలి.
కార్బరేటర్ పక్కన ఆ సన్నని రంధ్రంలోకి
తెగిన గిటారు తీగ ఒకటి దూర్చి తిప్పాను,
ఎండిన బంకలాంటిది నల్లగా రాలింది.
గొట్టం తొడిగి, ఇంజను తిప్పి, టైమింగ్ లైటు పట్టాను.
ఐడిల్‌లో సుద్దగీత ఉన్నచోటే ఉంది.
యాక్సిలరేటర్ వేలితో కాస్త నొక్కాను,
గీత ఉలిక్కిపడి ముందుకు ఉరికింది.
యమీలా చప్పట్లు కొట్టింది.

"ఎంతివ్వాలి?"
"గిటారు తీగ డబ్బులివ్వు. పరీక్ష చేసింది నీ మనవరాలు,
ఆ లెక్క మీరూ మీరూ చూసుకోండి."
ఐదో నంబరు రోడ్డు ఎక్కేదాకా ట్రక్కు చప్పుడు విన్నాను.
సాఫీగా పోతోంది, ముసలి ముండ.

సాయంత్రం మాతే పోసుకున్నాను.
ఒక్క గుక్కలో గురకపెట్టించే గిన్నె
మూడు గుక్కలు తీసుకుంది.
సోమవారం ఆసుపత్రికి రమ్మన్నారు.
వాళ్ళ దగ్గర మీటర్లుంటాయి, ముల్లు తిరిగేవి.
పీల్చమంటారు, బిగబట్టమంటారు.
వెళ్తాను.
మూత తీసి చూసే పనైతే మాత్రం
నా పానాలు నేనే తెచ్చుకుంటానని చెప్పాలి.